ఆ రోజు కాకి తన్నలేదు

అక్క ఇజ్రాయెల్ ప్రయాణం ఇంకో వారం ఉందనగా కాకి ఆమె నెత్తిన తన్నింది. పెరట్లో మిరపకాయలు ఎండబోస్తుంటే సర్రున వచ్చి తన్ని, పామాయిల్ తోటలోకి ఎగిరిపోయింది. అక్క నవ్వింది. అమ్మ నవ్వలేదు. కాకి తన్నితే చావు దోషమని మా ఇంట్లో నమ్మకం. విరుగుడు ఒక్కటే. ఆ మనిషి పోయిందని దగ్గరి చుట్టానికి దొంగ కబురు పంపాలి. ఆ చుట్టం నమ్మి నిజంగా ఏడిస్తే దోషం పోతుంది.

ఏడవడంలో మా మేనమామను మించినవాడు లేడు. పెళ్లిలో అప్పగింతలప్పుడు తను ఎవరి తరఫున వచ్చాడో కూడా చూడకుండా ఏడుస్తాడు. ఎర్రుపాలెంలో ఉండేవాడు. అమ్మ పక్కన నిలబడి నాతో ఫోన్ చేయించింది. ఆయన బస్సు దిగి బజారు పొడుగునా ఏడుస్తూ వచ్చాడు. వాకిట్లో అక్క ఎదురొచ్చి, "మామా, చాయ్ తాగుతవా?" అంది.

"మీ కాకి పాడుగాను, నా పానం తీసిండ్రు గదనే!" అని మొదలుపెట్టినవాడు నాటుకోడి కూర పెడితే గానీ చల్లబడలేదు.

ఇజ్రాయెల్‌లో అక్క పని ఒక ముసలామెను చూసుకోవడం. రోజూ పొద్దున ఆమెకు స్నానం చేయించి, బస్సులో మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చేది. "మన నాయనమ్మే అనుకో, గదే మొండితనం" అని ఫోన్లో చెప్పేది.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒక మధ్యాహ్నం టీవీలో అక్క ఉండే ఊరి పేరు వినబడింది. నడుముకు బాంబు కట్టుకున్న ఒకడు మార్కెట్‌కు పోయే బస్సెక్కి పేల్చుకున్నాడట. చాలామంది పోయారట. అక్కకు ఫోన్ కలవడం లేదు. "మామను రమ్మను" అంది అమ్మ.

"మామా, అక్క ఎక్కే బస్సుల బాంబు పేలిందంట" అన్నాను. అటువైపు పకపకా నవ్వు.

"మళ్ల తన్నిందా కాకి? గీసారి బాంబా!"

"నిజం మామా."

"పోయినసారి గూడ గట్లనే అన్నవ్. వస్తున్న తియ్, కోడి నేనే తెస్త."

సాయంత్రం నిజంగానే కాళ్లు కట్టిన కోడితో నవ్వుకుంటూ వచ్చాడు. గడపలో అమ్మ ముఖం చూశాడు. కోడిని అరుగు మీద పెట్టి పక్కనే కూలబడ్డాడు.

"చెల్లె, అబద్ధమని చెప్పవే" అన్నాడు. అమ్మ టీవీ వైపు చెయ్యి చూపింది. ఆయనకు ఏడుపు రాలేదు. అంత ఏడుపు మనిషి కళ్లు అలా పొడిగా ఉండటం చూసి నాకు మొదటిసారి భయమేసింది.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది. అక్కే! "నేను మంచిగనే ఉన్న. ముసలమ్మ పొద్దున తానానికి రానని మొండికేసింది. బతిలాడుతుంటే బస్సు పోయింది."

మామ ఫోన్ లాక్కుని అప్పుడు ఏడ్చాడు, చెరువు కట్ట తెగినట్టు. ముసలమ్మకు వెయ్యేళ్లు ఆయుష్షు పోశాడు. ఆయన చేతిలోంచి అమ్మ ఫోన్ తీసుకుంది. అక్క గొంతు ఈసారి సన్నబడింది, పక్కనున్న నాకూ వినబడింది.

"అమ్మా, ఎదురింటి పిల్ల పోయింది. కాలేజీకి గదే బస్సుల పోతది. దినాం నాకు సీటు ఆపేది. ఇయ్యాల గూడ ఆపే ఉంటది. వాళ్లమ్మకు ఇప్పుడే కబురొచ్చింది."

అక్క వెనకాల ఎవరో ఆడమనిషి అరుపు. ఆ ఏడుపు అర్థం కావడానికి ఆ భాష రానక్కర్లేదు. అది ఆగేదాకా అమ్మ ఫోన్ పెట్టలేదు.

సొంతవాళ్లు పోయారని వింటే మేం తలకు పోసుకుంటాం. అమ్మ పెరట్లోకి పోయి, కట్టుకున్న చీరతోనే తొట్టి దగ్గర కూర్చుని చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టింది.

"ఎవరికమ్మా ఇది?" అన్నాను.

"నా బిడ్డకు సీటు ఆపిన పిల్లకు."

మామ కోడి కాళ్ల కట్టు విప్పి వదిలేసి, చొక్కా తీసి, తనూ వెళ్లి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. చెంబు ఆయన చేతికిచ్చింది అమ్మ.