పళ్లెంలో గ్లాసుల చప్పుడు

మా వదిన పోయిన నెల మొదటి ఆదివారం పొద్దున, ఆరాధనకు గంట కొడుతుండగా కన్ను మూసింది. ఎనభైకి రెండేళ్లు తక్కువ. దాదాపు నలభై ఏళ్ల కిందట ఒక మనిషి ఆమెకు మాట ఇచ్చాడు, “ఆదివారం సంఘంలో లేచి నేను చెప్తాలే” అని. ఆ తర్వాత ఆదివారాలు లెక్కలేనన్ని వచ్చాయి. ఆ ఆదివారం మాత్రం రాలేదు.

ఆ మనిషి పేరు తాను బతికుండగా బయటపెట్టవద్దని ఆమె నా దగ్గర మాట తీసుకుంది. నేను నిలబెట్టుకున్నాను. ఇప్పుడు ఆమె లేదు. నేనున్నాను, నా చేతిలో కలముంది.

ఆమె మా అన్న భార్య. చిట్టమూరు దాటి సరస్సు వైపు వెళ్లే దారిలో ఉన్న మా ఊరికి కోడలుగా వచ్చేనాటికి నాకు పుస్తకాల పిచ్చి బాగా ముదిరింది. అన్నం ముందు కూడా పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. ఆమె ప్రతి పుస్తకం గురించీ ఒకటే అడిగేది. “దీంట్లో ఆకలిగొన్నోళ్లకు ఎవరన్నా అన్నం పెట్టినారా అబ్బయ్యా?” లేదంటే, “అయితే మూసి పక్కన పెట్టు. కూర చల్లారిపోతుండాది.” ఆ తర్వాత నేను మూడు మతాల గ్రంథాలూ, వాటికి పండితులు రాసిన వ్యాఖ్యానాలూ చదివాను. అంతకంటే గట్టి విమర్శ ఎక్కడా కనబడలేదు.

ఆ మాట ఇచ్చిన ఏడు తుఫాను మూడు రోజులు వదల్లేదు. సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు ఇళ్లు కొట్టుకుపోయి మా ఊరి మీద పడ్డాయి. మెరక మీద ఉన్న గట్టి కట్టడం మా చర్చి ఒక్కటే. తాళాలు మా అన్న దగ్గర ఉండేవి. వదిన వాటిని ఆయన మొలతాడు నుంచి లాక్కుని తలుపులు తెరిచింది. రెండో రోజు మధ్యాహ్నం ఆ వచ్చినవాళ్లలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. తడిసి ముద్దయి, పళ్లు టకటకలాడుతున్నాయి. వేడినీళ్లు కావాలి, సెగ కావాలి. ఊళ్లో తడవని కట్టె లేదు. చర్చిలో మేము చాపల మీద కూర్చునేవాళ్లం కాబట్టి అక్కడున్న పొడి చెక్క రెండే రెండు. అయ్యగారు నిలబడి ప్రసంగం చేసే పుల్పిట్టు, దాని ముందు ప్రభువు బల్ల. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పెట్టి పంచే టేకు బల్ల అది.

మా అన్న గొడ్డలి పట్టుకుని పుల్పిట్టు వైపు నడిచాడు.

“దాని జోలికి పోబాక,” అన్నది వదిన. “అది అయ్యగారిది. బల్లయితే ప్రభువుది. ప్రభువు ఏమీ అనుకోడు. అయ్యగారు అనుకుంటాడు.”

“రేపు సంఘం అడిగితే?”

“అడిగితే అడగనీ.”

అన్న బల్ల నరికాడు. నేను పక్కనే ఉన్నాను. సంఘంవాళ్లలో అక్కడున్నది మేం ముగ్గురమే. చెక్కలు అందించిందే నేను. నరకడం అయ్యాక చెమట తుడుచుకుంటూ, “ఆదివారం సంఘంలో లేచి నేను చెప్తాలే. కొట్టింది నేను గదా. నీకేం భయం?” అన్నాడు.

“నేను యాడ భయపడినా? నీళ్లు కాగనీ,” అన్నది వదిన.

ఆడపిల్ల పుట్టింది. ఆ తల్లి హిందువు. “బల్ల తే, బల్ల కొట్టు” అని మేం ముగ్గురం అరిచిన అరుపులు విని, బల్ల అంటే ఆ గుడిలో ఉండే దేవత పేరనుకుంది. బిడ్డకు బల్లమ్మ అని పెట్టుకుంది. వదిన ఆ సంగతి తెలిసి కడుపు పట్టుకుని నవ్వింది. “నిజం చెప్పి పేరు మార్పించు” అని నేనంటే, “ఏం తప్పు చెప్పిందని? ఆ పొద్దు కాపాడింది బల్లే గదా!” అన్నది.

ఆదివారం వచ్చింది. అయ్యగారు బూడిద చూపించి అడిగాడు. “ప్రభువు బల్లను ఎవరు నరికినారు?”

అన్న ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆ నెలలోనే సంఘ పెద్దల ఎంపిక. ఆయన పేరు ముందే అనుకున్నారు. అరచేతుల్లో గొడ్డలి బొబ్బలు ఇంకా ఎండలేదు. అవి కనబడకుండా రెండు చేతులూ జోడించి, ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకున్నాడు.

నేను లేవబోయాను. ఆడవాళ్ల చాప మీద నా వెనకే కూర్చున్న వదిన నా చొక్కా అంచు పట్టి కిందికి లాగింది. “కూసో. అది ఆయన నోట్లోంచి రావాల్సిన మాట. నువ్వు చెప్పేస్తే ఆయనకు చెప్పేదానికి ఏం మిగులుద్ది?” అని, తనే లేచింది. “పొయ్యి వెలిగించింది నేను అయ్యగారూ.”

“ఆ పాపానికి పశ్చాత్తాపపడుతున్నావా?”

“ఇంకా రాలేదయ్యగారూ. వస్తే నేనే వచ్చి చెప్తా.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. పశ్చాత్తాపం వచ్చేదాకా ఆమెను బల్లకు దూరం పెట్టారు. అంటే ఆరాధనకు రావచ్చు, పాడవచ్చు. రొట్టె, రసం మాత్రం ముట్టకూడదు. ఆ నెలాఖరుకు అన్న సంఘ పెద్ద అయ్యాడు. కొత్త బల్ల చేయించి ఇచ్చాడు. పళ్లెం మోసే పనీ ఆయనదే.

ప్రతి నెలా మొదటి ఆదివారం నేను చూసిన దృశ్యం ఇది. చిన్న చిన్న గాజు గ్లాసుల పళ్లెం పట్టుకుని మా అన్న వరుస వెంట వస్తాడు. ఆఖరి చాప మీద ఆయన భార్య తల వంచుకుని ఉంటుంది. ఆమెకు ఇటువైపు మనిషికి ఇస్తాడు, అటువైపు మనిషికి ఇస్తాడు. ఇంటికి వెళ్లి ఆమె వండింది తింటాడు.

మా క్రైస్తవుల్లో సాక్ష్యం అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. లేచి నిలబడి నిజం చెప్పడం ఒకటి. మనిషి నడత రెండోది. “ఆమె సాక్ష్యం పోయింది” అని ఊరంతా అన్నారు. సాక్ష్యం చెప్పనివాడి సాక్ష్యం మాత్రం దివ్యంగా ఉంది.

అయ్యగార్లు మారారు. వచ్చిన ప్రతివాడూ, “పశ్చాత్తాపం వచ్చిందా అమ్మా?” అని అడిగేవాడు. “ఇంకా లేదయ్యా. కాఫీ తాగుతారా?” అనేది. రాని పశ్చాత్తాపం వచ్చిందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే మరుసటి నెలే గ్లాసు చేతికి వచ్చేది. క్రైస్తవ శీలం మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఆమె కాఫీ గ్లాసు ముందు దిగదుడుపు.

నేను దేవుణ్ణి ఏం అడిగానో దాచను. అన్నకు గొంతు పడిపోవాలని అడిగాను. పక్షవాతం అడిగాను. పాపానికి జీతం ముడుతుందని చిన్నప్పుడు నేర్పారు కదా, ఎదురుచూశాను. చుట్టుపక్కల రొయ్యల గుంటలన్నీ తెగులు తగిలి పోయిన ఏడు, ఆయన గుంట ఒక్కటే నిక్షేపంగా ఉంది. ఈ వయసులో ఆయనకు పళ్లన్నీ ఉన్నాయి. షుగరు నాకొచ్చింది. చర్చికి వెళ్లడం మానేసి, “నీ దేవుడు న్యాయాధిపతి అయితే కేసు ఎప్పుడు విచారిస్తాడు వదినా?” అని అడిగాను.

ఆమె చేపకు పొలుసు గీస్తోంది. తలెత్తలేదు. “దేవుడు కొట్టలేదని నువ్వనుకుంటుండావు. మీ అన్న నా కాడికి వచ్చినప్పుడు పళ్లెంలో గ్లాసుల చప్పుడు వినలా? ఇంకెవరి కాడా అట్ట మోగవు. నెలకొక తూరి, ఇన్నేళ్ళు. ఇంకేం కావాలబ్బయ్యా నీకు? పాపం, ఆయన చెయ్యి చూస్తే నాకే భయమేస్తది.”

ఆ ‘పాపం’ నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

సమాధి దగ్గర అన్న మాట్లాడాడు. నేను ఆశపడ్డానని ఒప్పుకుంటాను. ఈ రోజైనా చెబుతాడని పెట్టె పక్కనే నిలబడ్డాను. ఆయన గొంతు సవరించుకుని, “నా భార్య మంచిది. ఒక్క విషయంలో తప్పిపోయినాది. దేవుడు ఆమెను క్షమించును గాక,” అన్నాడు. జనం ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ నేను చచ్చేదాకా నా చెవుల్లో ఉంటుంది.

అప్పుడే బల్లమ్మ వచ్చింది, నెత్తిన సరుగుడు కట్టెల మోపుతో. ఏటా ఒక మోపు తెచ్చి వదిన వాకిట్లో వేసేది. అన్న ఆమెను ఆపాడు. “ఏందిమే ఇది? మేము కాల్చం, పూడుస్తాం. తీస్కపో.”

“కాల్చేదానికి కాదయ్యా,” అన్నది బల్లమ్మ. “ఈమెకు కట్టెల కరువు రాకూడదని మా యమ్మ చెప్పిపొయ్యింది.” మోపు దించి మట్టి పక్కన పెట్టింది. ఎవరూ తీయలేదు.

ఈ నెల మొదటి ఆదివారం చాలా ఏళ్ల తర్వాత నేను చర్చికి వెళ్లి వదిన చాప మీద కూర్చున్నాను. అన్న పళ్లెంతో వచ్చాడు. నా ముందు ఆగాడు. గ్లాసులు గలగలమన్నాయి. రసం తొణికి చాప మీద పడింది.

“ఈ పొద్దు కూడా ఆదివారమేనన్నా,” అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. పక్క మనిషి దగ్గరికి వెళ్లాడు. చప్పుడు ఆగిపోయింది. ఎదురుగా, ఆయన చేయించిన బల్ల ముందు పలక మీద, ఇచ్చినవారి పేరు చెక్కి ఉంది. ఇన్నేళ్లూ నోట ఎత్తని ఆ పేరును ఇక్కడ అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. సంఘ పెద్ద సత్యానందం.