కొవ్వు అన్న మాట

దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పని ఏదన్నా ఉంటే పక్కన పెట్టి వినండి. ఇది తిండి సంగతి, ప్రాణం సంగతి కూడా.

ఎనభైల్లో మాట. అద్దంకి దగ్గర మాకు మిరప చేలు. కాయలు ఎండబోసిన కళ్ళంలోనే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఛాతీ పట్టుకుని కూలిపోయారు. బండి కట్టేలోపే అయిపోయింది. మరుసటి ఏడు అదే కళ్ళంలో మిరపకాయల టిక్కీ, అంటే కాయలు కుక్కిన పెద్ద గోతం, ఎత్తబోయి మా ఆయన రొమ్ము మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయారు. మర్నాడే గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

డాక్టరుగారు గుండె పరీక్ష, రక్తం పరీక్ష చేయించి, కాయితం చూసి మామూలుగానే చెప్పారు.

"గుండె ఇప్పటికి బాగానే ఉందండి. కొలెస్ట్రాల్ ఎక్కువుంది. అంటే మీ ఒంట్లో కొవ్వు బాగా పెరిగింది. నెయ్యి, మీగడ, వేపుళ్ళు, వేటమాంసం తగ్గించండి. రోజూ నడవండి."

మిగతావేవీ ఆయన చెవికెక్కలేదు. కొవ్వు అన్న మాట ఒక్కటే ఎక్కింది. మా వైపు మనిషిని తిట్టాలంటే "ఒళ్ళు కొవ్వెక్కిందా" అంటాం కదా! ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే పేలారు.

"నాకు కొవ్వెక్కిందంటాడా! రెక్కలు ముక్కలు చేసుకునేవాణ్ణి పట్టుకుని ముఖం మీదే అంటాడా!"

"తిట్టు కాదండీ, రోగం."

"నువ్వూ ఆయన పక్షమేనా? నెయ్యి గిన్నె ఇటు తే."

ఆ పంతంతో రోజూ ఇంకో గరిటె ఎక్కువే పోసుకునేవారు. గిన్నె దాచితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు. పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే. దానికి తోడు అరుగు మీద స్నేహితులు.

"ఏరా, కొవ్వు పట్టిందంట గదా! మాకూ కాస్త పంచరా, బక్కచిక్కి ఉన్నాం!"

అది విని వచ్చిన పూట వేటమాంసం వండమనేవారు.

ఒక మధ్యాహ్నం అట్లా తింటుండగా మా తోటికోడలు, పోయిన బావగారి భార్య, మజ్జిగ కోసం వచ్చింది. ఆయన నొసట చెమట చూసింది. వచ్చిన పని మరిచి గడప దగ్గరే కూర్చుంది.

"ఏమయ్యా, డాక్టరు తిట్టాడని అలిగావంట?"

"నువ్వూ మొదలెట్టావా వదినా?"

"మీ అన్నను అట్టా తిట్టేవాడు దొరకలేదయ్యా. దొరికుంటే ఆయన కాళ్ళకు మొక్కేదాన్ని. తిను, తిను. తిని లేచేదాకా ఇక్కడే కూర్చుంటా. మీ అన్న పోయినప్పుడు నేను దగ్గర లేను."

ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

"రేపట్నుంచి నెయ్యి వెయ్యబాకు" అన్నారు నాతో, నా వైపు చూడకుండానే.

నెయ్యి లేకపోతే మా కారాలు కడుపును కాల్చేస్తాయి. కాబట్టి కారమూ తగ్గింది. మిరప రైతు ఇంట్లో చప్పిడి పప్పు, ఉడకబెట్టిన కూరలు! మొదట్లో కంచం విసిరినంత పని చేసేవారు. పొద్దున్నే కాలవ గట్టు మీద నడక, వెనక నేను. ఆయన ఉన్నట్టుండి ఆగితే నా ఊపిరి ఆగేది. తీరా చూస్తే చెప్పులో ముల్లు తీసుకుంటూ ఉండేవారు.

పత్తి తీతల నాటికి మళ్ళీ బ్రాడీపేట వెళ్ళాం. డాక్టరుగారు కాయితం చదువుతున్నంతసేపూ నా చీర కొంగు మా ఆయన గుప్పిట్లో నలిగిపోయింది.

"తగ్గిందండి. ఇంకా తగ్గాలి. ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది."

బయటికొచ్చి నేను ఆటో పిలవబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఎందుకే? బస్టాండు దాకా నడుద్దాం."

మీ ఇంట పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా కలిసి తిని, కలిసి లేవాలి. ఎవరి చోటూ ఖాళీ కాకుండా నూరేళ్ళూ చల్లగా ఉండండి.