గౌరి చేతిరాత

గౌరికి చెవులు వినపడవన్న సంగతి నాకు మొదట చెప్పింది మా ఆయా సూరమ్మ. కరోనాకు ఆరేళ్ల ముందు మాట. రాజాం దగ్గర ఒక పల్లెలో నేను అంగన్‌వాడీ టీచర్ని.

"అమ్మా, ఈ పిల్ల ఎనకాల కంచం కొట్టి సూడు, తిరగదు," అంది సూరమ్మ.

"అన్నానికి పిలిస్తే అందరితో పాటే వస్తోంది కదా."

"ఆళ్లు లెగిస్తే సూసి లెగుస్తాది. సదువుకున్నావు గానీ, నీకు కళ్లేటి కనపడవా?"

గౌరికి అప్పుడు ఐదేళ్లు. తల్లి పార్వతి కూలిపనికి వెళ్లేది. తండ్రి లేడు. నేనే వాళ్లని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ ఆడియోగ్రామ్ తీశారు. ఏ చెవికి ఎంత శబ్దం అందుతుందో గీత గీసి చూపే పరీక్ష అది. రెండు చెవుల గీతలూ కాగితం అడుగున ఉన్నాయి. హియరింగ్ ఎయిడ్ పెట్టినా మాట తెలిసేంత వినపడదన్నారు. విజయనగరంలో బధిరుల బడి ఉంది, సైగల భాషలో చదువు చెబుతారు, హాస్టల్ కూడా ఉంది, ఆలస్యం చేయకండి అని పంపారు.

పార్వతి ఆ రాత్రంతా ఏడ్చిందట. పొద్దున్నే నా దగ్గరికి వచ్చింది.

"ఇంత పిల్లని ఆస్టల్లో ఒగ్గేసి రానా అమ్మా? ఆకలేస్తే ఏటని అడుగుతాది? నువ్వేటంటే అదే సేస్తాను."

నేను బడిలో చదువుకున్నదాన్ని కాను. మా నాన్నగారు పూజ కాగానే పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేవారు. ఆ చదువుతోనే ప్రైవేటుగా పదో తరగతి కట్టాను, ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అబ్బిన ఆ చదువుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. గౌరికీ అలాగే అబ్బుతుందనుకున్నాను. నాన్నగారు చెప్పిందంతా నేను చెవులతో విన్నానన్న సంగతి మాత్రం తట్టలేదు.

"తల్లి దగ్గరుంటేనే పిల్లకి మంచిది. మన ఊరి బడిలోనే చేర్పించు," అన్నాను.

పార్వతి నా కాళ్లకి దణ్ణం పెట్టింది.

గౌరి రోజూ బడికి వెళ్లింది. బోర్డు మీద ఏది రాస్తే అది తన నోటుపుస్తకంలోకి ఎక్కించేది. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. టీచర్లు ఆ పుస్తకం మిగతా పిల్లలకి చూపించేవారు. అందరం సంతోషించాం.

ఐదో తరగతి అయిన వేసవిలో ఒకరోజు తల్లితో మా సెంటర్‌కి వచ్చింది. నేను ఒక చీటీ మీద "మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా" అని రాసి ఇచ్చాను. గౌరి చీటీని శ్రద్ధగా చూసింది. కూర్చుని, దాని కింద అవే అక్షరాలు నాకంటే గుండ్రంగా రాసింది. నా చేతికిచ్చి, మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూసింది.

ఇంకో చీటీ రాశాను. "మీ అమ్మ ఎక్కడ?" దాన్నీ దించేసింది.

"బాగా రాసిందా అమ్మా?" అని అడిగింది పార్వతి.

"రాసింది. అర్థం మాత్రం తెలీదు," అన్నాను.

ఆ నెలలోనే విజయనగరం తీసుకెళ్లాం. అక్కడి టీచరుగారు గౌరితో కాసేపు కూర్చుని, మెల్లగా చెప్పారు. "అయిదేళ్లప్పుడే తేవలసింది. చిన్నప్పుడు ఏ భాషా అందకపోతే, తర్వాత ప్రతి మాటకీ చాలా కష్టపడాలి."

గౌరిని అక్కడ వదిలి వస్తుంటే బస్సులో పార్వతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అటే చూస్తూ అంది: "నువ్వు సెడ్డకి సెప్పలేదులే అమ్మా. నాకూ పిల్లని ఒగ్గాలని లేదు. నాకు కావలసిన మాటే నువ్వన్నావు, నాను పట్టుకున్నాను."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తర్వాత నా సెంటర్‌కి అలాంటి పిల్లలు ఇద్దరు వచ్చారు. ఈసారి నా జీవితం చూసుకుని సలహా ఇవ్వలేదు. ఈ బిడ్డ కళ్లతో అందుకోగల భాష ఏ బడిలో దొరుకుతుందని మాత్రమే అడిగాను. తల్లులు ఏడ్చారు. అయినా పంపాం. ఆ ఇద్దరూ ఇప్పుడు చదివి అర్థం చేసుకుంటున్నారు. అందుకు దేవుడికి రుణపడి ఉన్నాను.

గౌరికి పద్నాలుగేళ్లు వచ్చాయి. తనలో సగం వయసున్న పిల్లల మధ్య కూర్చుని సైగలు నేర్చుకుంటోంది. పోయిన ఏళ్లు తిరిగి రావని నాకు తెలుసు. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ఈ పూట దణ్ణం పెట్టుకునేటప్పుడు గౌరిని ఒక్కసారి తలుచుకోండి.