మీసాల తాతకు తగిలించిన ట్యాగు

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో లోకంలో సర్దిపెట్టలేనిది ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. బీకాం అయిపోయింది, కంప్యూటరు వచ్చు, ఎవరి మాటా వినే అలవాటు లేదు. ఇంతకన్నా అర్హతలు ఏం కావాలని మా పెద్దనాయన నన్ను తన దుకాణంలోనే కూర్చోబెట్టాడు. మదనపల్లెలో టమాటా మార్కెట్టుకు పోయే దోవలో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు బాడుగకిచ్చే దుకాణం మాది. పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి చిన్న శాఖలు. పెండ్లయినా, గృహప్రవేశమైనా, మనిషి పోయాక చేసే దినాలైనా చుట్టుపక్కల జనం కూర్చునేది మా కుర్చీల మీదే, తినేది మా గుండిగల్లో ఉడికిందే. (శుభానికీ అశుభానికీ అవే కుర్చీలా అని ఎవరైనా అడిగితే పెద్దనాయన వినబడనట్టు ఉండేవాడు.)

ఆ ఏడే ఆయనకు బెంగళూరు నుంచి ఎవరో వచ్చి ఒక సాఫ్ట్‌వేరు అంటగట్టారు. ఖాతాదారులందరి పేర్లూ నంబర్లూ అందులో ఎక్కించి, ఒక్కొక్కరికీ ట్యాగులు తగిలించాలి. 'పెండ్లి' అనే ట్యాగు నొక్కితే పెండ్లివాళ్ళందరూ వరుసగా వచ్చి నిలబడతారు. ఒకే మనిషికి ఎన్ని ట్యాగులైనా తగిలించవచ్చని తెలిసిన క్షణం నుంచీ నాకు పూనకం వచ్చింది. 'పెండ్లి', 'దినాలు', 'గృహప్రవేశం' అయ్యాక 'గరిటెలు తిరిగివ్వనివాళ్ళు', 'కుర్చీల మీద ఎక్కి నిలబడేవాళ్ళు', 'బేరమాడి ఏడిపించేవాళ్ళు' అని మొదలుపెట్టాను. ఇంటికెళ్ళినా ఆ పిచ్చి వదల్లేదు. మా అమ్మకు 'కారణం లేకుండా తిట్టేవారు' అని మనసులోనే ఒకటి తగిలించాను. పెద్దనాయన నా వెనక నిలబడి తెర మీది రంగురంగుల ట్యాగులు చూసి మురిసిపోయేవాడు. "సూస్తాంటే ముగ్గేసినట్టుండాది మే" అనేవాడు. (మా వైపు ఆడపిల్లల్ని 'మే' అనే పిలుస్తారు.)

ఆయనకు సొంత పద్ధతులు రెండు ఉండేవి, వాటిని కూడా సాఫ్ట్‌వేరులోకి దించాల్సిందేనని పట్టుబట్టాడు. మొదటిది, ఆయన దృష్టిలో ఖాతాదారంటే మనిషి కాదు, ఇల్లు. "ఒకింట్లో పెండ్లికొచ్చిన సుట్టాలు మన కుర్చీల్లో కూర్చునే పోతారు గదా, రేపు వాళ్ళిండ్లకు గూడా మనల్నే పిలవాల. అందుర్నీ ఒకే తాడుకు కట్టు" అన్నాడు. కట్టాను. 'మీసాల తాత ఇల్లు' అని నొక్కితే పుంగనూరులో మా పాత ఖాతాదారైన ఆ తాతతో పాటు ఆయన కలకడ అల్లుడు, పెద్దమండ్యం వియ్యంకుడు, కుప్పంలో ఉన్న బావమరిది, ఆ తాలూకు జనమంతా బిలబిలమంటూ వచ్చేవాళ్ళు. రెండోది, పెండ్లికైతే పెండ్లికూతురి తండ్రి పేరు, దినాలకైతే పోయినవాళ్ళ పేరు రాసుకోవడం. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళు ఎటూ కుర్చీలు మాట్లాడడానికి రారు, పక్కింటాయనో దూరపు చుట్టమో వస్తాడు, అతని పేరుతో మనకేం పని? కాబట్టి మా లెక్కలో 'దినాలు' ట్యాగు ఉన్న పేరు పోయినవారిదే. ఒక్క మీసాల తాత పేరు తప్ప. ఆయన వీధిలో నా అన్నవాళ్ళు లేని ముసలమ్మ ఒకామె పోతే, తాతే ముందు నిలబడి దినాలు జరిపించాడట. మావాళ్ళు పేరడిగితే "ఎవురిదైతే ఏంలే, నాది రాసుకో" అన్నాడట. రాసుకున్నారు. ఆ సంగతి తెలియని నేను దానికి 'దినాలు' ట్యాగు తగిలించాను.

అంతటితో ఆగానా? నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మనిషి పోయి ఏడాది తిరిగితే సంవత్సరీకం చేస్తారు, దాన్ని మనమే ముందుగా గుర్తుచేస్తే మర్యాదకు మర్యాద, బేరానికి బేరం. సాఫ్ట్‌వేరే తేదీ చూసుకుని, ఖాళీలో పేరు నింపుకుని, ఆ ఇంటి ట్యాగులో ఉన్న అందరికీ మెసేజి పంపేస్తుంది. మెసేజి నేనే రాశాను. "శ్రీ ఫలానా వారు మనల్ని విడిచి వెళ్ళి ఏడాది కావస్తున్నది. వారి సంవత్సరీకానికి షామియానా, కుర్చీలు, వంటపాత్రలు ముందుగా బుక్ చేసుకున్నవారికి ప్రత్యేక తగ్గింపు. ఎల్లప్పుడూ మీ సంతోషంలో మేమూ భాగస్వాములం." (చివరి వాక్యం పెండ్లి మెసేజిలోది. వినసొంపుగా ఉందని ఉంచేశాను.) పెద్దనాయన రెండుసార్లు చదివించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక ఉదయం దుకాణం తెరిచి ఇంకా టీ కూడా తాగలేదు, ఫోను మోగింది. కుప్పం నుంచి ఎవరో పెద్దాయన.

"మే, మా బావ పోయినాడా?"

నేను తెర వంక చూశాను. "అవును సార్, ఏడాది కావస్తాండాది."

"యాడాదా! నాకు ఎవురూ సెప్పనే ల్యా గదమ్మా!"

"మా దాంట్లో అట్లే ఉండాది సార్. కుర్చీలు ఎన్ని కావల్ల?" అన్నాను వినయంగా. అవతల నుంచి ఏడుపు వినిపించింది. అంత పెద్ద వయసు మగమనిషి అట్లా వెక్కివెక్కి ఏడవడం నేను అంతకుముందు వినలేదు. ఆయన పెట్టేశాక ఊపిరి పీల్చుకున్నానో లేదో మళ్ళీ మోగింది. ఈసారి పుంగనూరు.

"ఎవురు సార్ మాట్లాడేది?"

"నేనే మే. మిమ్మల్నందుర్నీ విడిసిపెట్టి పోయినోణ్ణి. తగ్గింపు ఏమాత్రం ఇస్తారో కనుక్కుందామనీ."

ఫోను అట్లాగే బల్ల మీద పెట్టి పెద్దనాయన దగ్గరికి పరుగెత్తాను.

పెద్దనాయనకు చెప్పేసరికి ఆయన కూర్చున్నవాడు లేచాడు, లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. "కొంప ముంచినావు గదే! ఆయప్ప సంగతి వదిలెయ్, అవ్వ మొగం ఎట్ల సూసేది? పసుపుకుంకాలతో ఉండే మనిషికి మొగుడు పోయినాడని ఊరూరా సాటింపేసినావు!" అని తల బాదుకున్నాడు. అప్పుడే నాకు ఇంకో సంగతి చెప్పాడు. ఫోనులో ఏడ్చిన కుప్పం తాత అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. అవ్వ కూతురి పెండ్లిలో మేనమామ అయివుండి కూడా ఆయన్ని రెండో బంతిలో కూర్చోబెట్టారు. ఆ బంతికి ఓళిగలు, అదే బొబ్బట్లు, అయిపోయాయి. "మేనమామకు ఓళిగ ల్యాదా" అని ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. "పోతే పోనీ" అన్నాడు మీసాల తాత. అంతే, బావా బావమరుదులకు మాటల్లేవు, రాకపోకల్లేవు. మధ్యలో అవ్వ మాత్రం ఏ పండక్కి వాకిట్లో చెప్పుల చప్పుడైనా తమ్ముడేమోనని తొంగిచూసేదట. అట్లాంటి మనిషి గుండెలో నేను నిప్పులు పోశానని తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, అవ్వ కాళ్ళు పట్టుకోవాలనుకున్నాను.

వేరే ఊరికి పోవాల్సిన కుర్చీల బండిలోనే పుంగనూరు బయల్దేరాం. తీరా చూస్తే మీసాల తాత ఇంటి ముందు జనమే జనం. కలకడ అల్లుడు పూలదండ పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. పెద్దమండ్యం వియ్యపురాలు ఏడుపు మొదలుపెట్టి, ఆపడం బాగుండదని కొనసాగిస్తోంది. మధ్యలో మీసాల తాత, ఒళ్ళో మూడు దండలు పెట్టుకుని, "నేను పోయినానని యాడాది నుంచీ ఎవురికీ తెలీలేదంటే, నన్నెవురూ పట్టించుకోలేదనే గదా!" అని అందరినీ కడిగేస్తున్నాడు. నన్ను చూసి, "ఈ పిల్లేనా నన్ను సంపింది? రా మే, కూర్చో" అన్నాడు. కూర్చోవడానికి కుర్చీలు లేవు. పెద్దనాయన బండిలోంచి మా కుర్చీలే దించాడు.

నేను అవ్వను వెతుక్కుంటూ గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఇంటి ముందే ఆటో ఆగింది. తల మీద తుండుగుడ్డ వేసుకుని, తూలుతూ, ఒక ముసలాయన దిగాడు. అవ్వ పరుగెత్తింది. "అక్కా, ఒక్క కబురు పెట్టలేకపోతివే! ఓళిగ కోసరం నేను మా బావను పోగొట్టుకుంటినే!" అని ఆయన అవ్వ భుజం మీద పడి బావురుమన్నాడు. కళ్ళు మూసుకుని ఏడుస్తున్నాడు, ఆమె కుంకం కూడా చూడలేదు. అవ్వ చెప్పాలి కదా? చెప్పలేదు! తమ్ముడి వీపు నిమురుతూ, తనూ ఏడుస్తూ, అట్లాగే నిలబడింది. నేను చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. ఇన్నేళ్ళకు దొరికిన తమ్ముణ్ణి అంత తొందరగా వదలడం ఆమెకు ఇష్టం లేదని నాకు అప్పుడు తట్టలేదు, ఈమెకు మతి పోయిందేమోనని హడలిపోయాను.

చివరికి లోపలి నుంచే కేక వచ్చింది. "రేయ్, ఏడ్సింది సాలుగానీ, లోపలికి రా!"

కుప్పం తాత ఏడుపు టక్కున ఆగింది. గేటు పట్టుకుని, లోపల దండల మధ్య కూర్చున్న బావను నోరు తెరుచుకుని చూశాడు. "బతికుండావా?"

"ఉండాను. నీకేమన్నా ఇబ్బందా?"

"మరి దీనికి సిగ్గుల్యాకుండా ఆటోలో పలమనేరు నుంచీ ఏడ్సుకుంటా వచ్చినానే!" అని ఆయన అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. మీసాల తాత ఒళ్ళోని దండల్లో ఒకటి తీసుకుని, లేచి వెళ్ళి బావమరిది మెడలో వేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చారో నవ్వారో నాకు తెలియదు, నేను కూడా కళ్ళు తుడుచుకుంటున్నాను.

వచ్చినవాళ్ళను పస్తు పంపిస్తారా? మధ్యాహ్నానికి మా గుండిగల్లోనే వంట అయింది. అవ్వ ఓళిగలు చేసి, మొదటి బంతిలో మొదటి విస్తరి తమ్ముడికి వేసింది. నేను అప్పుడు వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాను. "తప్పయిపోయిందవ్వా" అన్నాను. అవ్వ నన్ను లేపి, తమ్ముడు తింటున్న వైపు ఒకసారి చూసి, నా చెవిలో మెల్లగా అంది. "మళ్ళా వీడు అలిగి రాకుండా పోతే, ఇంగోసారి పంపీ పాపా."

ఉద్యోగం పోలేదు. మీసాల తాత పట్టుబట్టి నా చేత తన పేరుకు 'బతికే ఉన్నారు' అని కొత్త ట్యాగు పెట్టించాడు. ఆ ట్యాగులో ఆయన ఒక్కడే. కొన్నేళ్ళకు ఆయన నిజంగానే పోయారు. ఈసారి కబురు అందరికన్నా ముందు కుప్పానికి వెళ్ళింది. కుర్చీలు మాట్లాడడానికి కుప్పం తాతే దుకాణానికి వచ్చాడు. నేను పేరు కొట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "బావ పేరొద్దు మే. నాది రాసుకో."

"నీ పేరు పెడితే మళ్ళేడు నువ్వు పోయినావని మెసేజి వస్తాది తాతా" అన్నాను.

"రానీలే. ఈ తూరి మా బావ ఏడ్సుకుంటా వస్తాడేమో సూస్తా."

మనుషులను చక్కగా సర్దిపెట్టేద్దామని కూర్చున్న నాలోని అప్పటి పిల్ల అయితే పద్ధతి ఒప్పుకోదని వాదించేదే. నేను ఆయన పేరే రాశాను. 'బతికే ఉన్నారు' అనే ట్యాగులో మీసాల తాత ఇప్పటికీ ఉన్నారు, తీసెయ్యమంటారా అని సాఫ్ట్‌వేరు అప్పుడప్పుడూ అడుగుతుంది, నేను వద్దంటాను.