చుట్టాలకు చోటు లేని నియమం

సునీతను కార్యవర్గంలోకి తేవడానికే నేను ముందుచూపుతో ఆ నియమం రాశానని మా ల్యాబ్ టెక్నీషియన్ల సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. నా పరువు నిండు సభలో ఎలా పోయిందో నా నోటితోనే వినండి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడింటికీ కలిపి ఒకటే సంఘం. ఆ ఏడాది కార్యవర్గానికి గెలిచిన తొమ్మిది మందిమీ జగిత్యాల, కోరుట్ల వాళ్లమే. సిరిసిల్ల వాళ్లకు కోపం వచ్చింది, వేరే సంఘం పెట్టుకుంటామన్నారు. ఎన్నిక లేకుండా అక్కడి నుంచి ఒకరిని కో-ఆప్షన్ సభ్యులుగా తీసుకోవచ్చు, కానీ ఎలాగో ఎక్కడా రాసి లేదు. అధ్యక్షుడు రాజన్న అప్పటికే సిరిసిల్లలో ఉండే తన బామ్మర్ది కోసం కుర్చీ తుడిపించి పెట్టాడు. నాకేమో అక్కడే పనిచేసే స్వరూప కావాలి. పనిమంతురాలు, పైగా నేనేమన్నా తలూపుతుంది. (రెండోది బయటికి చెప్పలేదు లెండి.)

సూది కంటే నా నాలుకే పదునని అప్పట్లో నాకు గర్వం. సమావేశంలో లేచాను.

"కార్యవర్గంల ఎవలకు చుట్టమైనా కో-ఆప్షన్‌కు పనికిరారు. గిది ఇప్పుడే రాయాలె."

"దూరపు చుట్టమైతే?" అన్నాడు రాజన్న.

"దూరమేంది, దగ్గరేంది అన్నా. చుట్టమంటే చుట్టమే."

"ఇంకోపాలి ఆలోచించు చెల్లె."

"ఆలోచించే అచ్చిన."

చేతులన్నీ లేచాయి. కార్యదర్శిని కాబట్టి నేనే మినిట్స్ బుక్కులో రాసి కింద రెండు గీతలు కొట్టాను. బామ్మర్ది కథ ముగిసింది. ఆ ఊపులోనే స్వరూప పేరు ప్రతిపాదించాను.

రాజన్న తీరిగ్గా చాయ్ గ్లాసు దించాడు. "స్వరూప నిన్నేమని పిలుస్తది?"

"చిన్నమ్మ అంటది."

"ఊకెనే అంటదా?"

రక్తం గొట్టాలను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌కు కరెంటు పోయినట్టు నా నోరు మెల్లగా తిరిగి ఆగిపోయింది. స్వరూప మా ఆయన పెద్దనాన్న మనవరాలు.

ఇక సిరిసిల్ల సభ్యుల జాబితా మొత్తం చదివారు. ఒక్కో పేరుకు మాలో ఒక్కొక్కరు లేచారు.

"గాయన మా వియ్యంకుడు."

"గామె మా మేనత్త కోడలు."

"గీ పిలగానికి మొన్ననే మా బిడ్డను ఖాయం జేసినం."

"గిట్లయితే దుబాయ్ నుంచి మనిషిని తేవాలె చెల్లె," అన్నాడు రాజన్న.

"దుబాయ్‌ల మా తమ్ముడున్నడు," అన్నాను నీరసంగా.

చివరికి ఒకే పేరు మిగిలింది, సునీత. ఎవరికి చుట్టమని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. కూలి చేసుకునే ఇంటి నుంచి చదువుకుని వచ్చి, పదేళ్లుగా ఒక ఆసుపత్రి ల్యాబును ఒంటి చేత్తో నడుపుతున్న మనిషి. మా తొమ్మిది ఇళ్ల పెళ్లి పత్రికల్లో ఒక్కటీ వాళ్ల గడప తొక్కలేదు.

రాజన్న సునీతకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, కార్యవర్గంలోకి వస్తావా అని అడిగాడు.

"అస్త సార్. గని నాకు ఓటుంటదా, కుర్చీ ఒక్కటేనా?"

మినిట్స్ బుక్కు తిరగేశాను, ఓటు మాట ఎక్కడా లేదు.

"ఓటుంటదని రాయి చెల్లె," అన్నాడు రాజన్న. రాశాను. సంఘం చీలలేదు.

తర్వాతి ఎన్నికల్లో సునీత కార్యదర్శి పదవికి నా మీదే పోటీ చేసి గెలిచింది. రాజన్న మళ్లీ అధ్యక్షుడయ్యాడు. ఈసారి కోరుట్ల నుంచి ఎవరూ గెలవకపోయేసరికి, కోరుట్లదాన్నని నన్ను కో-ఆప్షన్‌లో తీసుకుందామని ఎవరో జాలిపడ్డారు. సునీత పాత బుక్కు తెరిచి, నా రెండు గీతల మీద వేలు పెట్టింది.

"అక్కా, రాజన్న సార్ మీకేమైతడు?"

ఏమీ కాడని అనబోయాను. ఆయన బామ్మర్ది కొడుక్కే మా అక్క బిడ్డనిచ్చి ఏడాదయింది.

అందుకే మైక్రోస్కోపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ నియమం రాసినా, ముందు నా చుట్టాలందరినీ లెక్కపెట్టుకుంటాను.

నాకు ఇప్పటికీ జవాబు దొరకని ప్రశ్న వేరే ఉంది. ఆ జాబితాలో సునీత పేరు మొదటి నుంచీ ఉంది కదా, చుట్టాలందరూ అయిపోయేదాకా మా తొమ్మిది మందిలో ఒక్కరి నోటికీ ఎందుకు రాలేదు?