పద్దెనిమిది చెక్కులు, పద్దెనిమిది సబ్బులు

రూపాయిన్నర సబ్బుబిళ్ళ ఒక మనిషిని నిలువునా ముంచేసిందంటే మీరు నమ్మరు. నన్ను ముంచింది. కృష్ణ వరదలో కొట్టుకుపోయినవాడికైనా ఏ హంసలదీవి దగ్గరో ఒడ్డు తగులుతుందేమో గానీ, నాకు ఈనాటికీ తగల్లేదు. వినండి, నవ్వుకోండి. నవ్వుకి నగదూ అక్కర్లేదు, చెక్కూ అక్కర్లేదు.

డెబ్బైల్లో మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా పని, గవర్నరుపేటలో బాషా అనే స్నేహితుడితో కలిసి ఒక అద్దెగది, చొక్కా జేబులో కొత్త చెక్కుపుస్తకం. బ్యాంకులో పనిచేసే మా చల్లపల్లివాడొకడు అంటగట్టాడు దాన్ని. సగం బయటికి కనిపించేలా పెట్టుకుని తిరిగేవాణ్ణి. అంబారీ మీద ఏ జమీందారూ అంత ఠీవిగా ఊరేగి ఉండడు.

అప్పుడే మా పేటలో ఒక సహకార బజారు తెరిచారు. సరుకులు మనమే అరల్లోంచి తీసుకుని, గుమ్మం దగ్గర కౌంటర్లో డబ్బు కట్టి బయటపడాలి. బెజవాడకి అదో వింత. నగదు కౌంటర్లో ఒక మీసాలాయన. చిల్లర మన మొహాన విసిరి, "పదండి, పదండి" అని అర నిమిషంలో తరిమేసేవాడు. పక్కనే చెక్కుల కౌంటరు. అక్కడ ఒక అమ్మాయి.

వర్ణించమంటారా? నూలు చీర, మెడలో సన్న గొలుసుకి చిన్న సిలువ, చూపుడు వేలికి సిరా మరక. అంతే. ఆపాటికే మండు వేసవిలో బెజవాడ చల్లబడిపోయింది.

కొండంత చెక్కుపుస్తకం తీసి ఎలుకంత సబ్బు కొన్నాను.

"ఒక్క సబ్బేనాండీ?"

"ప్రస్తుతానికండీ."

ఆమె పెద్ద రిజిస్టరు తెరిచింది. "మీ పేరండీ? నాన్నగారి పేరు? ఏ ఊరు? ఉద్యోగం? ఇంటి నెంబరు? చెక్కు వెనకాల రెండు సంతకాలు పెట్టండి." వాటిని ముందువైపు సంతకంతో పోల్చి, దొంగనోటుని చూసినట్టు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. "కాస్త ఉండండి, బ్యాంకుకి ఫోను చేసి కనుక్కుంటాను."

ఆ ఫోనుకి నేను జన్మజన్మలకీ రుణపడి ఉన్నాను. మొదటిసారి తిప్పితే చేపల మార్కెట్టు పలికింది. రెండోసారి ఎవరో ముసలాయన "అల్లుడుగారేనా?" అన్నాడు. మూడోసారికి బ్యాంకు. వాళ్ళు లెడ్జరు వెతికి చెప్పేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నేను సిరా మరక చూస్తూ నిలబడ్డాను. ఆలస్యం అమృతం విషం అన్న పెద్దమనిషి ఏ చెక్కుల కౌంటరు ముందూ నిలబడి ఉండడు. నాకు ఆలస్యమే అమృతం.

ఇక చూడండి! వారానికి రెండు సబ్బులు, రెండు చెక్కులు. "ఏ ఊరండీ?" అంటే ఊరుతో ఆగేవాణ్ణా? మా తాత ఏ లంకలోంచి వలసొచ్చాడో, మా మేనత్తని ఎక్కడికిచ్చారో, మా గేదె ఎన్నిసార్లు ఈనిందో అన్నీ చెప్పేవాణ్ణి. ఆమె తల వంచుకుని రాసుకునేది. పెదవి చివర నవ్వు దాచుకునేది.

గదిలో బాషా సబ్బుల గోడ చూసి బెంబేలెత్తాడు. "ఒరేయ్, మనం ఇద్దరం మనుషులమా, ఏనుగులమా? కొట్టు పెడుతున్నావా?"

"నీకు తెలీదులేరా."

"నాకు తెలుసురా. ఆ అమ్మాయికే తెలీదు. వెళ్ళి నోరు తెరిచి చెప్పు."

పన్నెండో సబ్బు దగ్గర ప్రళయం వచ్చింది. ఆమె ఫోను ముట్టుకోలేదు. ఠపీమని ముద్ర కొట్టి రసీదిచ్చేసింది.

"అదేంటండీ, ఫోను?"

"మీకెందుకండీ ఫోను? తెలిసిన మనుషులేగా."

నా గుండెలో ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేసినట్టయింది. మరుక్షణమే దింపేసినట్టయింది. ఇరవై నిమిషాలు కాస్తా నాలుగు నిమిషాలయ్యాయి! నమ్మకం పెరిగేకొద్దీ నా సుఖం తరిగిపోతోంది.

"లేదండీ, చెయ్యండి. రూలు రూలేగా," అని బతిమాలాను.

"బాగుందండీ! నమ్మితే కూడా కోపమేనా?" అంటూ పకపకా నవ్వింది.

ఆ నవ్వు తలుచుకుంటూ మరో ఐదు సబ్బులు కొన్నాక తెగించాను. మాట్లాడేద్దామనుకున్నాను. ఉత్త చేతులతో, నలిగిన పంట్లాంతో మాట్లాడతామా? ఖాతాలో ఉన్నదంతా తీసి టెర్లిన్ పంట్లాం కుట్టించాను, చలవ కళ్ళద్దాలు కొన్నాను. "మీతో ఒక మాట చెప్పాలండీ" అనే వాక్యాన్ని బందరు కాలవగట్టు మీద వందసార్లు వల్లెవేశాను. వెళ్ళాను, నిలబడ్డాను, గొంతు సవరించుకున్నాను.

"సబ్బండీ," అన్నాను.

అలవాటు కొద్దీ చెక్కు కూడా రాసేశాను. ఖాతాలో ఏమీ మిగల్లేదన్న సంగతి కళ్ళద్దాల చీకట్లో కనిపించలేదు. పద్దెనిమిదో చెక్కది.

నాలుగు రోజులకి బాషా రొప్పుతూ వచ్చాడు. "ఒరేయ్, బజారు గుమ్మానికి నీ పేరు వేలాడుతోంది!"

పరిగెత్తాను. "ఈ కింది వారి చెక్కులు పుచ్చుకోరాదు." కింద ఒకే ఒక్క పేరు, నాది. గుండ్రటి దస్తూరి, ఆమెది. మీ దగ్గర దాపరికమెందుకు, ఎంత అందంగా రాసిందో అని కాసేపు మురిసిపోయాను కూడా.

"సిగ్గులేదుటయ్యా?" అన్నాడు మీసాలాయన. "బ్యాంకుని అడక్కుండా నీ చెక్కు తీసుకుందని ఆ పిల్ల జీతంలో కోత పెట్టారు. పైవాళ్ళ చేత చీవాట్లు కూడా."

అప్పుడు మునిగానండీ నేను. బాషా దగ్గర అప్పు చేసి ఆమె ముందు నగదు పెట్టాను. తలెత్తలేకపోయాను. ఆమె లెక్క చూసుకుని రసీదు రాస్తూ, నెమ్మదిగా అంది:

"చెక్కు తిరిగొచ్చినందుకు కాదండీ నాకు బాధ. పద్దెనిమిదిసార్లు మీ పేరు అడిగాను. మీరు ఒక్కసారైనా నా పేరు అడిగారా?"

సగం బయటికి కనిపిస్తున్న చెక్కుపుస్తకాన్ని జేబు లోపలికి నొక్కేశాను.

"ఊరికే వచ్చి అడిగినా చెప్పేదాన్ని కదండీ. సబ్బులెందుకు?"

"ఇప్పుడు... అడగొచ్చాండీ?"

ఆమె రసీదు చింపి చేతిలో పెట్టింది. సిరా మరక ఆ రోజు రెండు వేళ్ళకుంది. "వచ్చే నెల గన్నవరం చర్చిలో నా పెళ్ళండీ. మొన్ననే మాట ఇచ్చేశారు మావాళ్ళు. మీ స్నేహితుణ్ణి కూడా తీసుకురండి." ఒక క్షణం ఆగి నవ్వింది. "సబ్బులు మాత్రం తేకండేం."

బయటికొచ్చి రసీదు చూశాను. అడుగున పూర్తి పేరుతో సంతకం. ఆ పేరు మీకు చెప్పను. అడిగే ధైర్యం లేనివాడికి చాటే హక్కెక్కడిది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మాయి సంగతి వేరే చెప్పాలా?

ఆ బజారు ఇప్పుడు లేదు. ఎక్కడ ఏం కొన్నా యంత్రమే చటుక్కున ఔనంటుంది. నీ ఊరేదని అడిగేవాళ్ళు లేరు, అడిగితే మా గేదె సంగతి చెబుదామని నేనింకా సిద్ధంగానే ఉన్నాను. పదిహేడు సబ్బులు బాషా, నేనూ అరగదీశాం. పద్దెనిమిదోది ట్రంకుపెట్టెలో ఉంది. వాసన ఎప్పుడో పోయింది.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, కృష్ణమ్మ సాక్షిగా శపథం చేస్తున్నాను. ఈ జన్మలో సబ్బుకి చెక్కు రాయను. ఎవరు నన్నేం అడిగినా, ముందు వాళ్ళ పేరడిగాకే జవాబు చెబుతాను.

మొన్న బస్సులో కండక్టరుతోనే మొదలుపెట్టాను. "నా పేరెందుకండీ బాబూ, మీ ఊరు చెప్పండి ముందు," అని కసిరాడు. నేనెక్కింది చల్లపల్లి బస్సు.

నోటికి మాత్రం గన్నవరమే వచ్చింది.