అప్పికట్ల నుంచి చీరాలకు కాలవ దారి

మా మనవరాలు, దాని స్నేహితులు కొమ్మమూరు కాలవ వెంట చీరాల దాకా వెళ్ళాలని నన్ను దారి అడుగుతున్నారు. నేను ఆ దారిన పడవలో వెళ్ళింది ఒక్కసారే, యాభైల చివర్లో, పెళ్ళయిన కొత్తలో. మావారు చీరాలలో పొగాకు కంపెనీలో పనిచేసేవారు. అత్తయ్యా నేనూ అప్పికట్లలో ఉండేవాళ్ళం. ఒక సాయంత్రం ఊళ్ళో ఒకాయన వచ్చి, "మీ వెంకటేశ్వర్లు చెయ్యి మిషన్లో పడిందటమ్మా" అని చెప్పాడు. అంతకు మించి ఆయనకేమీ తెలియదు. గాలివానకు రైలు కట్ట తెగి రైళ్ళు ఆగిపోయాయి. బస్సులు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేకపోయారు. తెల్లవారుతూనే పెరుగన్నం క్యారేజీ పట్టుకుని కాలవ రేవుకు వెళ్ళాం.

ధాన్యం బస్తాల పడవ ఒకటి చీరాల వెళుతోంది. పడవాయన మస్తాన్ మనిషికి అర్ధరూపాయి అడిగాడు. "రైలు మాదిరి కాదమ్మా, చేరేసరికి పొద్దుగూకుద్ది" అని ముందే చెప్పాడు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి పడిపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. బస్తాల మీద కూర్చున్న మాకు గట్టే వెనక్కి నడుస్తున్నట్టుండేది.

బాపట్ల దగ్గర లాకుల్లో నీళ్ళు సమానమయ్యేదాకా ఆగాం. మస్తాన్ సంగతి చెప్పగానే లాకు తలుపులు తీసే లస్కరు, "ఎవరికమ్మా దెబ్బ? పేరేంటి?" అని అడిగాడు. అత్తయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం. భర్త పేరు నేను పలకకూడదు. ఆయనకు పెట్టింది తాతగారి పేరు, అంటే అత్తయ్యకు మామగారి పేరు. ఆవిడా పలకదు.

"ఏడుకొండల సామి పేరయ్యా" అంది అత్తయ్య.

"శ్రీనివాసా? మొన్న కూడా కనపడ్డాడే!"

"ఆ పేరు కాదయ్యా, ఇంకోటి."

మస్తాన్ అందుకుని, "వెంకటేశ్వర్లా అమ్మా?" అన్నాడు. ఇద్దరం తలూపాం.

"ఆయన్ని రైల్లో గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారని విన్నానండి" అన్నాడు లస్కరు.

"రైళ్ళే లేవు కదయ్యా!" అంది అత్తయ్య.

"అదీ నిజమేనండి" అని లస్కరు తలుపులు తీయడానికి వెళ్ళిపోయాడు.

దిగి గుంటూరు వెళ్ళాలో, చీరాలే పోవాలో తెలియలేదు. తేల్చుకునేలోపే పడవ కదిలింది. మధ్యాహ్నం దాటాక చీరాల నుంచి ఖాళీ పడవ ఒకటి ఎదురొచ్చింది. మస్తాన్ కేకేసి అడిగాడు. "పొగాకు కంపెనీ వెంకటేశ్వర్లేగా? పొద్దున్నే పోయాడుగా!" అని అటునుంచి జవాబు. ఇంకేదో కూడా అన్నారు. గాలికి వినపడలేదు.

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. "పోయాడంటే ఎటన్నా పోయాడనమ్మా" అన్నాడు మస్తాన్. పొద్దుగూకే వేళకు చీరాల చేరాం. గట్టు మీద రంగు నూలు ఆరేసి ఉంది, మగ్గాల చప్పుడు, గోడౌన్ల రేకులు, తుమ్ములు తెప్పించే పొగాకు ఘాటు. కంపెనీ కూత వినపడగానే మనుషులు గుంపులుగా బయటికొచ్చారు. ఒక్కో తెల్లచొక్కా కనపడినప్పుడల్లా ఆయనేననుకున్నాను.

మస్తాన్ పడవ వదిలేసి మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మంచం మీద కుడిచేతికి కట్టుతో ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అదే కంపెనీలో పనిచేసే వెంకటేశ్వర్లే, కానీ వినుకొండ అవతల ఊరివాడు. "మీవాడు క్షేమమమ్మా" అన్నాడు నీరసంగా. "పేరు విని మీరు కంగారు పడతారని పొద్దున్నే సైకిలేసుకుని రోడ్డు మీదుగా మీ దగ్గరికే పోయాడు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మంచం మీద మనిషి ముందు ఏదీ పనికిరాదనిపించి బయటికి చూస్తూ నిలబడ్డాను. అత్తయ్య మాత్రం క్యారేజీ విప్పి, అన్నం ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది.

"మీ అబ్బాయి కోసం తెచ్చారు కదమ్మా."

"మీ అమ్మ వచ్చేదాకా నేనుంటాను. తిను నాయనా."

మర్నాడు మావారు తిరిగొచ్చేసరికి అత్తయ్య అతనికి తల దువ్వుతోంది. కొడుకును చూసి, "ఎండన పడొచ్చావు, కూర్చో" అని మాత్రం అంది. వినుకొండ నుంచి వాళ్ళమ్మ వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆ రెండ్రోజులూ ఎవరి మీద జాలిపడాలో, ఎవరిని చూసి ఊపిరి పీల్చుకోవాలో నాకు అర్థం కాలేదు. దెబ్బ తగిలింది నా వాడికి కానందుకు సంతోషించినప్పుడల్లా ఆ కట్టు కళ్ళబడేది. ఇప్పటికీ నాకది తేలలేదు.

ఇప్పుడు పడవలు లేవు. వెళ్ళేవాళ్ళు గట్టు మీద సైకిళ్ళతో వెళ్ళండి. ఎండాకాలం కాలవ కట్టేస్తారు, వానలు తగ్గాక నిండుగా ఉన్నప్పుడు బయల్దేరండి.